చింతపండుతో తోమిన తూటాలు

మా రత్నం బాబాయి గడ్డం గీసుకునే బ్లేడు కాగితం మీద చుక్కలు పెడతాడు. ఒకసారి గీసుకుంటే ఒక చుక్క, రెండోసారికి రెండో చుక్క. ఐదు చుక్కలు పడ్డాయంటే ఆ బ్లేడు ఎంత పదునుగా ఉన్నా సరే, దానికి ఉద్యోగ విరమణే. పోయిన నెల కాకినాడ వెళ్ళినప్పుడు చూద్దును కదా, కుక్కరు మూత రబ్బరు మీద చుక్కలు, నీళ్ళ ఫిల్టరు మీద చుక్కలు, ఆఖరికి సువార్త పిన్ని కొత్తగా కొనుక్కున్న మోకాలి పట్టీ అంచున కూడా నల్ల పెన్నుతో మూడు చుక్కలు. దాన్ని ఎన్నిసార్లు ఉతికిందో ఆయనకి లెక్క కావాలట. పక్క ఫ్లాటావిడ అవి చూసి దిష్టి చుక్కలనుకుందనీ, ప్రార్థన చేసుకునేవాళ్ళకి కూడా దిష్టి పట్టింపు ఉంటుందా అని మొహమాటంగా అడిగిందనీ పిన్ని చెప్పి, ఈ మనిషితో నలభై ఏళ్ళు ఎలా వేగానో నాకే తెలీదు అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది. బాబాయి మాత్రం పేపరు చదువుకుంటూ, మా పెళ్ళికి నేను చుక్కలు పెట్టలేదు గాబట్టి నడుస్తోంది అన్నాడు.

అందరం నవ్వాం. నా నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ చుక్కల్ని నేనొకసారి అబద్ధంగా పెట్టాను. నాకప్పుడు ఇరవై నిండలేదు. ఆ అబద్ధం వల్ల ఒక పెద్దమనిషి కుడికన్ను పోవాల్సింది. పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు, మా ఆయనకి కూడా సగమే చెప్పాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు గదా, ఇన్నేళ్ళకి కూర్చుని రాస్తున్నాను.

ఇంటర్ పాసయ్యాక నర్సింగు సీటు రాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను పిన్ని బహ్రెయిన్ రప్పించింది. హూరా అనే పేటలో వాళ్ళది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కింద రొట్టెల కొట్టు. తెల్లవారకుండానే ఆ కాలిన పిండి వాసన మెట్లెక్కి మా కిటికీలోకి వచ్చేది. దానికి పోటీగా పిన్ని పులుసు పెట్టేది. ఈ రెండింటి మధ్యలోంచి బాబాయి ఒంటి మీది తుపాకి నూనె వాసన. ఎన్ని సబ్బులు మార్చినా ఆ వాసన పోలేదు గానీ, పనిలోంచి వచ్చిన మనిషి మూడుసార్లు చేతులు కడిగితే తప్ప పిన్ని కంచం ముట్టుకోనిచ్చేది కాదు. సీసం చేతులతో అన్నం తింటే బుర్ర పాడవుతుందని ఎవరో చెప్పారట. మీ బాబాయి బుర్రకి ఇంకా పాడయ్యే చోటు మిగలలేదనుకో, అయినా కడగమను అనేది. పగలంతా ఆవిడ, అక్కడి ఆడవాళ్ళు తొడుక్కునే నల్ల అబాయాలు కుట్టే దుకాణంలో పని. సాయంత్రం వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఇంట్లో ఉన్న రెండే రెండు ఇత్తడి వస్తువుల్ని తనివితీరా చూసుకునేది. ఒకటి వాళ్ళమ్మ ఇచ్చిన చెంబు, ఇంకోటి క్రిస్మస్‌కి వెలిగించే కొవ్వొత్తుల స్టాండు. పండగ ముందు వాటిని చింతపండూ ఉప్పూ వేసి తోమేది. అలా తోమిన ఇత్తడిలో మన మొహం మనకి కనబడాలి, కనబడకపోతే తోమినట్టు కాదు అన్నది ఆవిడ సిద్ధాంతం. నాకు నేర్పిన మొదటి ఇంటిపని అదే.

బాబాయి ఇరవై ఏళ్ళకి పైగా మన పటాలంలో పనిచేశాడు. తుపాకులు పేల్చే పని కాదు, వాటిని బాగుచేసి, తుడిచి, లెక్కపెట్టి అప్పజెప్పే పని. యుద్ధం చేశావా బాబాయ్ అని అడిగితే, చేశాను, తుప్పుతో చేశాను అనేవాడు. పింఛను పుచ్చుకుని వచ్చాక బహ్రెయిన్‌లో, రిఫా దాటాక ఎడారి మొదలయ్యే చోట, ఒక షూటింగ్ క్లబ్బులో కుదిరాడు. గురి పెట్టి కొట్టడం సరదాగా ఉన్న స్థానిక పెద్దమనుషులు అక్కడికి వచ్చేవారు. వాళ్ళు పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చి, మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగించి ఇవ్వడం బాబాయి పని. కొట్లో కొన్న తూటా అందరికీ ఒకటే కొలత, చేత్తో కట్టిన తూటా ఎవరి తుపాకికి వారిది, దర్జీ దగ్గర కొలతిచ్చి కుట్టించుకున్న జాకెట్టులాగ. ఆ ఖాళీ గొట్టాన్ని పటాలం మాటలో ఖోకా అంటారు. బాబాయి నోట అదే మాట, కాబట్టి మాకూ అదే.

బాబాయి తూటాలు కట్టే గదిలోనే నాకూ పని దొరికింది. పెట్టెల మీద పేర్లు రాయడం, ఖోకాలను గుడ్డతో తుడిచి వాటి వాటి గుంటల్లో అమర్చడం, లెక్క చూడటం. వీసా క్లబ్బుదే, అంటే నాకు పూచీ పడే కఫీలు క్లబ్బే. వాళ్ళు వద్దంటే మర్నాటి విమానమే. ఆ సంగతి పిన్ని రోజూ పొద్దున్నే టీతో పాటు గుర్తుచేసేది.

ఇక్కడ చుక్కల సంగతి చెప్పాలి. తూటా పేలినప్పుడల్లా ఇత్తడి కొంచెం సాగుతుంది. సాగినకొద్దీ అడుగు దగ్గర లోపలివైపు పల్చబడుతుంది. బయటికి ఏమీ కనబడదు. ఏదో ఒకరోజు అక్కడ చిట్లి, లోపలి మంట ముందుకు పోవాల్సింది వెనక్కి తంతుంది. వెనకాల ఉండేది కొట్టేవాడి మొహం. అందుకని ఒక ఖోకా ఎన్నిసార్లు పేలిందో తెలియాలి. ప్రతిసారీ బాబాయి దాని అడుగున నల్ల పెన్నుతో ఒక చుక్క పెట్టేవాడు. యాభై గుంటల ప్లాస్టిక్ పెట్టెలో అడుగు పైకి వచ్చేలా అమర్చితే, మూత తియ్యగానే చుక్కలన్నీ లెక్కకి కనబడేవి. ఒక చుక్కవి ఒక పెట్టె, రెండు చుక్కలవి ఇంకో పెట్టె. మూడు దాటితే, కొన వంచిన సన్నటి తీగను లోపలికి పోనిచ్చి గోడ వెంట గీసి చూసేవాడు. ఐదో చుక్క పడ్డవాటిని ఇంక వాడేది లేదు. శనివారం శనివారం వాటిని బిగింపు చట్రంలో పెట్టి చప్పగా నొక్కేసేవాడు, పొరపాటున కూడా ఎవరూ మళ్ళీ వాడకుండా. చూడటానికి బాగానే ఉన్నాయి గదా బాబాయ్ అంటే, రాజమండ్రి పాత వంతెన కూడా చూడటానికి బాగానే ఉంటుంది, రైలు ఎందుకు మానేశారు అనేవాడు.

ఖోకాలను శుభ్రం చేసే పని మాత్రం ఆయన నాకు ఇవ్వలేదు. దానికొక చిన్న యంత్రం ఉండేది, పొట్టులాంటిది పోసి తిప్పితే మకిలి పోతుంది. ఒక్కో పెట్టె విడిగా వేసేవాడు. అది అయ్యేదాకా రెండో పెట్టె మూత కూడా తీసేవాడు కాదు. అయ్యాక కూర్చుని యాభై ఖోకాల మీదా చుక్కలు మళ్ళీ దిద్దేవాడు. ఉన్న చుక్క మీద చుక్క ఎందుకు దిద్దుతాడా అని నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ముసలాయన చాదస్తం అనుకున్నాను. అరిగిపోతాయి కాబట్టి దిద్దుతున్నాడని నాకు తట్టనే లేదు.

మా గదికి బాగా వచ్చే మనిషి అబూ యూసుఫ్. బుసైతీన్‌లో ఇల్లు, డెబ్బై దాటిన వయసు, తెల్లటి దుస్తుల్లో సన్నగా పొడుగ్గా ఉండేవాడు. కుర్రతనంలో బొంబాయి పడవల మీద తిరిగాడట, హిందీ గడగడా మాట్లాడేవాడు. బాబాయిని రత్నా అని పిలిచి, నన్ను రత్నా కూతురు అనేవాడు. కాదని రెండుసార్లు చెప్పాం, ఆయన వినలేదు, మేమూ ఊరుకున్నాం. ఆయన ఖోకాలు రెండొందల యాభై, ఐదు పెట్టెలు. అవంటే ఆయనకి ప్రాణం. పేలిన తూటాలను ఏరి తెచ్చేవాడు జగిత్యాల వైపు రాజన్న. ఉన్నది బహ్రెయిన్ అయినా ఇంటికి ఫోన్ చేసినప్పుడు దుబాయిల ఉన్న అనే చెప్పేవాడు. అదేమంటే, ఊళ్ళో వాళ్ళకి ఇంకో పేరు చెబితే తప్పిపోయిండనుకుంటరు అనేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

ఆ చలికాలం క్లబ్బు పెద్దలు గదులన్నీ చూడటానికి వస్తారని కబురొచ్చింది. బుధవారం వాళ్ళు రావడం, శుక్రవారం పొద్దున పోటీ. సరిగ్గా ఆ వారమే శుభ్రం చేసే యంత్రం మోటారు కాలిపోయింది. అబూ యూసుఫ్ ఖోకాలన్నీ మసిగొట్టుకుని పెట్టెల్లో కూర్చున్నాయి. మంగళవారం బాబాయి మోటారు బాగుచేయించడానికి మనామా వెళ్ళాడు. నేనొక్కదాన్నే గదిలో. మాసిన ఇత్తడి, రేపు వచ్చే పెద్దమనుషులు, ఖాళీగా ఉన్న నా చేతులు. తెలుగింటి ఆడపిల్లకి ఇంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం అన్నంలోకి పచ్చిపులుసు కలుపుకోమని పిన్ని కట్టిచ్చిన చింతపండు ఉండనే ఉంది. చాలదని క్లబ్బు వంటగదిలో ఇంకో ముద్ద అడిగి తెచ్చాను. ఒక ప్లాస్టిక్ టబ్బులో చింతపండు రసం, ఇంత ఉప్పు వేసి ఐదు పెట్టెలూ ఒకేసారి గుమ్మరించాను. శనివారం నొక్కెయ్యడానికి పక్కన పెట్టిన ఐదు చుక్కల పెట్టెతో సహా. కలిసిపోతాయేమో అన్న ఆలోచన రాకపోలేదు. చుక్కలున్నాయిగా, చూసి మళ్ళీ సర్దుకుంటాను అనుకున్నాను. ఆ పెన్ను చెరిగిపోని పెన్నని దాని మీదే రాసి ఉంది.

ఒక్కోదాన్ని పీచుతో అడుగు నుంచీ అంచుదాకా తోమాను. కడిగి గది వెనక ఎండలో దుప్పటి మీద ఆరబోశాను. అబ్బ, ఏం మెరుపండీ! పిన్ని చూస్తే మెచ్చుకోలుగా నా వీపు నిమిరేది. పెళ్ళివారి మండపం ముందు పేర్చిన బిందెల్లా ఉన్నాయి. మురిసిపోతూ ఒకటి తీసి తిరగేసి చూస్తే అడుగున ఏమీ లేదు. ఇంకోటి చూశాను, లేదు. రెండొందల యాభై అడుగులూ అద్దాల్లా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు. వాటన్నిట్లోనూ నా మొహం మాత్రం బ్రహ్మాండంగా కనబడుతోంది.

ఇంతవరకూ నేను చేసింది తెలివితక్కువ పని. ఇది తెలిసి ఎవరూ నన్ను విమానం ఎక్కించేవారు కాదు. బాబాయి రెండు రోజులు సణిగి, మూడోరోజు నవ్వేసేవాడు. కానీ నాకు ఆ ఎండలోనే వీసా పోయినట్టూ, మా అమ్మ గుమ్మంలో నిలబడి ఇంత తొందరగా వచ్చావేమే అని అడిగినట్టూ కళ్ళకి కట్టింది. దుప్పటి మూటగట్టి లోపలికి తెచ్చి, తలుపేసుకుని, బాబాయి పెన్ను తీసుకుని కూర్చున్నాను. చేతికొచ్చిన మొదటి యాభైకి ఒక్కో చుక్క పెట్టాను. తర్వాత యాభైకి రెండేసి. అలా ఐదు పెట్టెలూ నింపాను. గుండ్రంగా, నిండుగా, బాబాయి పెట్టినట్టే పెట్టాను. సగంలో రాజన్న గుమ్మంలోకి వచ్చి, కొత్తగా ఏరిన ఖోకాల సంచీ కింద పెట్టి, నా వైపు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నేను తలెత్తలేదు.

బుధవారం పెద్దలు వచ్చారు. ఒకాయన ఖోకాను చేతిలోకి తీసుకుని, కొత్తవా అని అడిగాడు. బాబాయి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పాతవే, మా పిల్ల మెరిపించింది అన్నాడు. మోటారు లేకుండా ఎలా చేశావే అని నన్ను అడిగితే, గుడ్డతో తుడిచానన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. ఆ సాయంత్రం భోజనాల ముందు ప్రార్థనలో, నమ్మకంగా పనిచేసే ఈ బిడ్డ చేతులను దీవించు తండ్రీ అన్నాడు బాబాయి. పిన్ని గట్టిగా ఆమెన్ అంది. నాకు ఆ పూట అన్నం దిగలేదు. ఒంట్లో బాగోలేదేమోనని పిన్ని మిరియాల కషాయం కాచి, ముక్కు మూసి మరీ తాగించింది. అది న్యాయమైన శిక్షే.

గురువారం బాబాయి పోటీకి తూటాలు కట్టాడు. ఒక చుక్క పెట్టె తీశాడు. మూడు చుక్కలు దాటినవాటికైతే తీగతో లోపల గీసి చూసేవాడు, ఒక్కసారే పేలినవాటికి ఆ అవసరం లేదు. చుక్క చూసి నమ్మాడు. నేను పెట్టిన చుక్క. ఒక్కో ఖోకాలో మందు తూచి పోసి, గుండు బిగించి, వెలుతురుకి పట్టి చూసి పక్కన పెడుతుంటే, నేను ఆయన వెనకాల పెట్టెల మీద పేర్లు రాస్తూ తేలు కుట్టిన దొంగలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను. మధ్యాహ్నం బయట కుళాయి దగ్గర రాజన్న నన్ను ఆపాడు.

"చెల్లె, సుక్కలు నువ్వే వెట్టినవు, నేను సూసిన. ఎందుకు వెట్టినవో నేనడుగ. గా ముసలాయన కంటికేమన్న అయితె, నీకు జిందగీల అన్నం పోతదా?"

నేను చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను. నువ్వే చెప్పాలె, నేను జెప్తే చాడీ అయితది అని బకెట్టు నింపుకుని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో! మంచిమాట చెప్పినవాడి మీద వచ్చే కోపం లాంటిది ఇంకోటి ఉండదు.

అక్కడ శుక్రవారమే సెలవు, శుక్రవారమే మాకు ఆరాధన. ఒకే హాలును మలయాళం వాళ్ళూ తమిళం వాళ్ళూ మేమూ గంటల లెక్కన పంచుకునేవాళ్ళం, మాది పొద్దున ఏడు నుంచి తొమ్మిది. ఆ రోజు ఆరాధన తర్వాత అందరూ కలిసి భోజనం, పిన్ని వంతు మటన్ కూర. పోటీ తొమ్మిదికి. అబూ యూసుఫ్ తన తూటాలు ముందురోజే తీసుకెళ్ళిపోయాడు. పాటలయ్యాయి. పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపించింది. నా పక్కన పిన్ని, అటుపక్క బాబాయి. నేను పిన్ని ఒళ్ళోకి వంగి, ఆవిడ మీదుగా బాబాయి మోచెయ్యి పట్టుకుని, చుక్కలు నేనే పెట్టాను బాబాయ్, చింతపండుతో తోమితే అన్నీ పోయాయి, అన్నీ కలిసిపోయాయి, ఐదు చుక్కలవి కూడా, అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

బాబాయి నా మొహంలోకి చూశాడు. తిట్టలేదు. బైబిలు మూసి, జేబులో కళ్ళజోడు పెట్టుకుని లేచి నడిచాడు. వెనకాల నేను. మా వెనకాల, ఎందుకు లేచామో తెలియని పిన్ని, మటన్ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని. పాస్టరు గారు వాక్యం ఆపి మరీ మమ్మల్ని చూశారు. మా పాత కారును బాబాయి రిఫా దాకా ఎక్కడా వేగం తగ్గించకుండా నడిపాడు. ఎవరికేమయింది, ఎక్కడికెడుతున్నాం అని పిన్ని అడుగుతూనే ఉంది. మలుపు మలుపుకీ పులుసు ఆవిడ చీర మీద ఒలుకుతూనే ఉంది. చివరికి నేనే ఏడుస్తూ చెప్పాను. ఆవిడ గిన్నె మీద మూత సరిగ్గా పెట్టి, ఉప్పు కూడా వేశావా, అని మాత్రం అడిగింది. ఆవిడ ఎందుకలా అడిగిందో ఇప్పటికీ ఆవిడకే తెలియదు. అంత భయపడిందన్నమాట.

మేము వెళ్ళేసరికి పోటీ మొదలైపోయింది. తూటాల చప్పుడు గేటు దగ్గరికే వినబడుతోంది. కొట్టేవాళ్ళు వరసగా చాపల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఆ చోట ఎవరూ పరిగెత్తకూడదు, అది మొదటి రూలు. బాబాయి పరిగెత్తలేదు. చెయ్యి పైకెత్తి పట్టుకుని, తిన్నగా, రోజూ నడిచినట్టే నడిచాడు. నేను గేటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన అడుగు వేస్తున్నాడు, ఎవరో పేలుస్తున్నారు. మళ్ళీ అడుగు, మళ్ళీ పేలుడు. ప్రతి చప్పుడూ అబూ యూసుఫ్‌దే అనిపించేది. నా బతుకులో అంత పొడుగైన నడక ఇంకోటి చూడలేదు. అప్పుడు పోటీ నడిపించే ఆయన ఆపమని అరిచాడు, అంతా ఆగింది.

అబూ యూసుఫ్ అప్పటికే ఎనిమిది కాల్చేశాడు. లేచి కూర్చుని, ఏమైంది రత్నా అన్నాడు. కళ్ళు రెండూ ఉన్నాయి. బాబాయి చాప పక్కన పడ్డ ఎనిమిది ఖోకాలనూ ఏరి, ఒక్కోదాన్నీ వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఆరోదాని దగ్గర ఆగాడు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, మిగతావి జేబులో వేసుకున్నాడు. ఖోకాలు కలిసిపోయాయి, తప్పు నాది, ఈ తూటాలు కొట్టొద్దు అని హిందీలో చెప్పాడు. అప్పటికి నేను ఎలా వెళ్ళానో వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆయనది కాదు, నాది అన్నాను. చింతపండుతో కడిగానని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

అబూ యూసుఫ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గడ్డం ఊగేలా నవ్వాడు. వాళ్ళమ్మ కూడా కాఫీ కూజాను అలాగే తోమేదట. చుట్టూ ఉన్నవాళ్ళకి అరబ్బీలో చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. బతికిపోయాను అనుకున్నాను. ఆయన నవ్వు ఆపి, బాబాయి గుప్పిట విప్పమని ఆ ఖోకా తీసుకున్నాడు. అడుగు దగ్గర వెంట్రుకంత గీత, దాని చుట్టూ మసి. దాన్ని తిరగేసి, అడుగున ఉన్న చుక్కను చాలాసేపు చూశాడు.

"కడిగితే కడిగింది, ఖలాస్. ఈ చుక్క ఎవరు పెట్టారు?"

బాబాయి నా వైపు చూడలేదు, నేల చూశాడు. నేనే పెట్టానన్నాను. అబూ యూసుఫ్ తుపాకిని పెట్టెలో పెట్టుకుని మూత వేశాడు. పక్కవాళ్ళు తమ తూటాలు ఇస్తామన్నారు, వద్దన్నాడు. ఆ ఏడు ఆయన పోటీలో లేడు. వెళ్తూ వెళ్తూ, రెండొందల యాభై ఖోకాలూ ఈ పిల్ల చేత్తోనే నొక్కించు రత్నా, ఒక్కటి కూడా నువ్వు ముట్టుకోకు అన్నాడు. నన్ను పంపించెయ్యమని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను రత్నా కూతురు అని పిలవలేదు, పేరు పెట్టి పిలిచాడు. గ్రేస్ అని. నా పేరు ఆయనకి మొదటినుంచీ తెలుసన్నమాట.

పేలని తూటాల్లోంచి గుండూ మందూ తీసేశాక, నొక్కేముందు బాబాయి వాటిలో కొన్నింటిని నా చేతికిచ్చి, కొన వంచిన తీగను లోపల గీయమన్నాడు. మంచిదాంట్లో తీగ జారిపోయేది. మూడోదో నాలుగోదో గీస్తుంటే అడుగు దగ్గర తీగ కొన టక్కున ఏదో గాడిలో పడింది. కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. దాని అడుగున నా చేతి చుక్క ఒక్కటే ఉంది, నల్లగా, గుండ్రంగా, ఎంత అందంగా పెట్టానో. అప్పుడు వచ్చింది ఏడుపు. పటాలం మనిషి, ఏడిచే ఆడపిల్లని ఏం చెయ్యాలో తెలియక గదిలో ఉన్న ఫ్యాన్లన్నీ వేశాడు.

రెండొందల యాభై ఖోకాలు నొక్కడానికి నాకు వారం పైన పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పిన్ని రోజూ కొబ్బరినూనె రాస్తూ, ఇత్తడి అంటేనే నాకు అసహ్యం వేస్తోంది అనేది గానీ, క్రిస్మస్ ముందు ఆ చెంబూ స్టాండూ తోమడం మానలేదు. పోటీ రోజు మటన్ కూర మాత్రం రాజన్న క్యాంపులో వాళ్ళు తిన్నారు. నువ్వు అబద్ధమాడితే మాకు పండుగయింది చెల్లె, అప్పుడప్పుడు ఆడు అని ఏడిపించేవాడు. చాడీ చెప్పనందుకు ఆయనకి నేను అప్పుడు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే జగిత్యాల వైపు రాజన్నలు వేలమంది.

తర్వాత నర్సింగు చదివి, ఇప్పుడు నేను ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సామాను శుభ్రం చేసి, ఉడికించి, లోపలికి పంపే విభాగం చూస్తున్నాను. మళ్ళీ మళ్ళీ వాడే వస్తువులే నా బతుకు, ఏం రాతో. కత్తెరకీ పట్టకారుకీ ఒక గీతల చీటీ ఉంటుంది, యంత్రం చదివి ఎన్నోసారో చెబుతుంది. బాబాయి చూస్తే ఆ యంత్రానికి సెల్యూట్ కొడతాడు. కానీ దాని పక్కన ఇంకా ఒక కాగితం ఉంటుంది, చూశాను అని టిక్కు పెట్టాల్సింది మనిషే. మా పిల్లలు, కొత్తగా చేరినవాళ్ళు, మహా చురుకు. పొద్దున రాగానే ఇరవై గళ్ళకీ ఒకేసారి టిక్కులు పెట్టేసి టీకి పోతారు. ఎంత చక్కటి టిక్కులో! నేను అరవను. నా దగ్గరికి పిలిచి, ఏ టిక్కు ఏ వస్తువు చూసి పెట్టావో చెప్పమ్మా అని అడుగుతాను. మేడం చాదస్తం అని వాళ్ళు వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. మా రోజుల్లో మేము ఏదో పెద్ద నిజాయితీపరులమని చెప్పే ముఖం నాకెక్కడిది? తేడా అల్లా ఒకటే. అప్పుడు చుక్క పెట్టిన మనిషీ, ఆ చుక్కను నమ్మి కన్ను ఆనించే మనిషీ ఒకరికొకరు తెలుసు. ఒకే గదిలో టీ తాగేవారు. ఇప్పుడు నా టిక్కు ఎవరి కడుపులోకి పోతుందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను భయపెడుతుంది.

ఆ సంఘటన తర్వాత నేను ఆ గదిలో నాలుగేళ్ళు పనిచేశాను. బాబాయి నన్ను మళ్ళీ ఆ మాట ఎత్తి దెప్పలేదు, పిన్నిని ఎత్తనివ్వలేదు. ఇంట్లో పాత బాబాయే, పాత వేళాకోళాలే. కానీ గదిలో, నేను సర్ది ఇచ్చిన ప్రతి పెట్టెనూ మూత తీసి, యాభై ఖోకాలనూ ఒక్కొక్కటే బయటికి తీసి, చుక్కలు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టేవాడు. నా ముందే. దాచుకోకుండా. నాలుగేళ్ళు, ఒక్క పెట్టె వదలకుండా. మొదట్లో నాకు మొహం మండిపోయేది. తర్వాత అలవాటైపోయింది. ఇంకొన్నాళ్ళకి ఆయన లెక్కపెడుతుంటే నేనూ పక్కన నిలబడి మనసులో లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ సరిపోయేది. సరిపోయిందని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, మూత వేసి అవతల పెట్టేవాడు, అంతే.

నర్సింగు సీటు వచ్చి నేను ఇండియాకి బయల్దేరే ముందురోజు కూడా పనికి వెళ్ళాను. అబూ యూసుఫ్ కొత్త ఖోకాలు, రెండు చుక్కల పెట్టె. చుక్కలు పెట్టి, సర్ది, బల్ల మీద బాబాయి ముందు ఉంచి, ఎప్పటిలాగే పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఎన్నున్నాయమ్మా అన్నాడు. యాభై బాబాయ్, అన్నీ రెండేసి అన్నాను. ఆయన పెట్టెను దగ్గరికి లాక్కుని, మూత తియ్యకుండానే అలమరలో పెట్టి తాళం వేశాడు.